గుహ దిగే రోజు పబ్‌లో టేబుల్ ముందే బుక్ చేయాలా, వద్దా?

లీడ్స్_లక్ష్మణ్:

వచ్చే నెల ఒక శనివారం మేం పదిమంది ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ డేల్స్‌లో లాంగ్ చర్న్ గుహకి వెళ్తున్నాం. సెల్‌సైడ్ ఊరి దగ్గర ఉంటుంది, కొత్తవాళ్లని ఎక్కువగా తీసుకెళ్లే గుహ. మాలో ఇద్దరు చదువుకునే రోజుల నుంచీ కేవింగ్ (గుహలు దిగే) క్లబ్‌లో ఉన్నవాళ్లు, వాళ్లే నడిపిస్తారు. గుహ గురించి ఎవరికీ పేచీ లేదు. వాట్సాప్‌లో కొట్టుకుంటున్నదంతా బయటికొచ్చాక ఎక్కడ తినాలన్న దాని గురించే.

సగం మంది ఆ దగ్గర్లోని హార్టన్ ఊళ్లో ఏదో ఒక పబ్‌లో సాయంత్రం ఆరున్నరకి టేబుల్ బుక్ చేసేద్దాం అంటున్నారు. నడిపించే ఇద్దరూ మాత్రం టైమ్ చెప్పి బుక్ చేస్తే మేం రాం అని తెగేసి చెప్పారు. టేబుల్ బుకింగ్‌కి ఇంత పట్టుదల ఏమిటో నాకు అంతుపట్టలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

షెఫీల్డ్_శిరీష:

బుక్ చేయండి. ఇందులో ఆలోచించడానికేముంది?

లండన్, మాంచెస్టర్ లెక్క ఇక్కడ పనికిరాదు. పల్లెల్లో చాలా పబ్బులు మధ్యాహ్నం రెండు, రెండున్నరకి వంటగది మూసేసి మళ్లీ ఐదారింటికి తెరుస్తాయి. రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకి ఆఖరి ఆర్డర్. ఆ తర్వాత బార్ నడుస్తూనే ఉంటుంది, తాగేవాళ్లు తాగుతుంటారు, మీకు మాత్రం చిప్స్ పాకెట్టు, వేరుశనగలు తప్ప ఏమీ దొరకవు. డేల్స్‌లోనే ఒక పబ్‌లో (పేరు వద్దులెండి) మేం ఎనిమిదింటికి వెళ్తే, ఎనిమిదిన్నర దాకా భోజనం అని బయట బోర్డు ఉండగానే వంటావిడ వెళ్లిపోయిందన్నారు. ఏడుగురం ఆ రాత్రి వేరుశనగలతో సరిపెట్టుకున్నాం.

పైగా హార్టన్ అంటే త్రీ పీక్స్ నడిచేవాళ్ల ఊరు. పెనిగెంట్, వెర్న్‌సైడ్, ఇంగిల్‌బరో మూడు కొండలూ ఒకే రోజు ఎక్కి దిగుతారు, సుమారు 24 మైళ్లు. ఎండాకాలం శనివారం సాయంత్రం వాళ్లంతా కుంటుకుంటూ వచ్చి పడేది ఆ ఊళ్లోనే. అలాంటి చోట పదిమందికి టేబుల్ ఖాళీగా ఉంటుందనుకోవడం అత్యాశ.

కందిపొడి:

లక్ష్మణ్ గారూ, మీ వాళ్లిద్దరూ అన్నదే సరైన మాట. నేను కూడా కొత్తవాళ్లని తీసుకెళ్తుంటాను కాబట్టి ఎందుకో చెప్తాను.

గుహలో గడియారం మన మాట వినదు. లాంగ్ చర్న్‌లో చీజ్ ప్రెస్ అని ఒక ఇరుకు సందు ఉంది, బోర్లా పడుకుని పాక్కుంటూ వెళ్లాలి. అక్కడ ఒక్కరు భయపడి ఆగితే చాలు, వెనకున్న తొమ్మిదిమందీ చల్లటి నీళ్లలో నిలబడాలి. ఆ మనిషిని తొందరపెట్టకూడదు. ఊపిరి తీసుకోనివ్వాలి, మాట్లాడాలి, అవసరమైతే వెనక్కి తీసుకురావాలి. పావుగంట పట్టొచ్చు, ముప్పావుగంటా పట్టొచ్చు. ఆ సమయంలో ఎవరో ఒకరు "ఆరున్నరకి టేబుల్ కదా" అంటారు. ఎవరో ఒకరు అని తీరతారు. నేను విన్నాను. అక్కడి నుంచి అందరి అడుగులూ మారతాయి. తాడు కట్టుకుని దిగాల్సిన చోట "ఇంతేగా, దూకేద్దాం" అంటారు.

గుహకి వెళ్లేటప్పుడు మా దగ్గర ఉండాల్సిన గడియారం ఒక్కటే, కాల్ అవుట్. తెలియనివాళ్ల కోసం: ఏ గుహకి వెళ్తున్నాం, ఎంతమంది, కారు ఎక్కడ పెట్టాం, ఎన్నింటిలోపు ఫోన్ రాకపోతే సాయం పిలవాలి అన్నవి ఇంట్లో ఉన్న ఒక మనిషికి రాసిచ్చి వెళ్తాం. ఆ టైమ్ దాటితే వాళ్లు అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి, పోలీసులని అడిగి, కేవ్ రెస్క్యూ కావాలంటారు. ఆ ప్రాంతంలో కదిలేది క్లాఫమ్‌లో ఉన్న కేవ్ రెస్క్యూ ఆర్గనైజేషన్, 1935 నుంచి ఉంది. వచ్చేవాళ్లంతా వాలంటీర్లు, ఎవరి భోజనాల మీద నుంచి వాళ్లు లేచి వస్తారు. ఆ ఒక్క టైమ్‌ని బుర్రలో పెట్టుకుంటే చాలు, రెండోది వద్దు.

షెఫీల్డ్_శిరీష:

అన్నా, రెండింటినీ కలిపేస్తున్నారు. కాల్ అవుట్ రాత్రి తొమ్మిదికి పెట్టుకోండి, టేబుల్ ఏడింటికి పెట్టుకోండి. టేబుల్ పోతే ఏమవుతుంది? పబ్‌వాళ్లు పావుగంట, ఇరవై నిమిషాలు చూసి వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. ఎవరూ చచ్చిపోరు. లోపల "టేబుల్" అన్నవాడి నోరు మూయించడం నడిపించేవాళ్ల పని. ఆ పని చేతకాక పదిమందినీ పస్తు పెట్టడం ఏం న్యాయం?

కందిపొడి:

ఎవరూ చచ్చిపోరు అని మీరంటున్నారు, నిజమే. కానీ టేబుల్ పోతుందని ఎవరికీ నచ్చదు. అడ్వాన్స్ కట్టి ఉంటే అసలే నచ్చదు. ఈమధ్య పదిమందికి పైన అయితే మనిషికి ఇంత అని ముందే కట్టమనే చోట్లు ఉన్నాయి. ఆ డబ్బు పోతుందన్న ఆలోచన లోపలికి కూడా వస్తుంది. పోనీ ఆలస్యమవుతోందని ఫోన్ చేసి చెబుదామా అంటే సెల్‌సైడ్ చుట్టుపక్కల సిగ్నల్‌ని నమ్ముకోలేం.

కర్నూలోడు:

మాది కొలిమిగుండ్ల పక్క ఊరు, బెలుం గుహల దగ్గర. 3,229 మీటర్ల గుహ. లోపల ఉక్కపోతకి చొక్కా తడిసిపోతది, బయటికొస్తే మజ్జిగ తాగాలనిపిస్తది. బ్రిస్టల్‌కి వచ్చి మొదటిసారి గుహ దిగినప్పుడు అదే లెక్కలో టీషర్టు మీద వెళ్తానంటే క్లబ్‌వాళ్లు నవ్వి లోపల వేసుకునే ఉన్ని సూట్ చేతికిచ్చారు. ఇక్కడ లోపల తొమ్మిది డిగ్రీలు అటూ ఇటూ. బయటికొచ్చాక కావాల్సింది సూపు, పొయ్యిమంట. కాబట్టి నా ఓటు ముందు పొయ్యి ఉన్న పబ్‌కి, టేబుల్ సంగతి తర్వాత.

మెండిప్_మామయ్య:

మీరంతా తలకిందులుగా ఆలోచిస్తున్నారర్రా. ముందు పబ్ చూసుకుని, దాన్ని బట్టి గుహ ఎంచుకోవాలి.

సోమర్సెట్‌లో మెండిప్ కొండల మీద ప్రిడ్డీ అని ఊరుంది. ఆ ఊరి పచ్చిక మైదానం పక్కనే స్విల్డన్స్ హోల్ అనే గుహ. దారి ఉన్న పొలం వాళ్లకి చిన్న రుసుము కట్టి దిగుతారు. పైకి వచ్చాక అందరూ చేరేది హంటర్స్ లాడ్జ్ ఇన్ అనే పబ్‌కి. కేవర్లకి అది సొంత ఇల్లు లాంటిది. పీపాల నుంచి నేరుగా పోసే బీరు, చేసే వంటకాలు నాలుగైదే, ధర తక్కువ. ఫోన్ బయటికి తీస్తే ఒప్పుకోరని పేరు. ఆ పబ్ కార్ పార్క్‌లోనే ఒక గుహకి ద్వారం ఉంది, వేళాకోళం కాదు. అలాంటి చోట మీ మట్టి జుట్టు చూసి ఎవరూ మొహం చిట్లించరు. మిమ్మల్ని "ఎంతవరకు వెళ్లారు?" అని అడుగుతారు.

అదే వారాంతం టూరిస్టులకి తెల్ల గుడ్డలు పరిచిన చోటుకి వెళ్లారనుకోండి, టేబుల్ బుక్ చేసినా సరే మీరు కూర్చున్న కుర్చీ వైపే అందరూ చూస్తారు.

లీడ్స్_లక్ష్మణ్:

మామయ్యా, మేముండేది లీడ్స్. సోమర్సెట్ ఎక్కడ, మేమెక్కడ! భోజనం కోసం నాలుగైదు గంటలు డ్రైవ్ చేయమంటారా?

మెండిప్_మామయ్య:

చేయమనే అంటాను. సరే, మీ వైపే చెప్తా. చాపెల్‌లెడేల్‌లో ఓల్డ్ హిల్ ఇన్ అనే పబ్ ఉంది, గ్రేట్ డౌక్ గుహకి దగ్గర. పాతతరం కేవర్లు చేరిన చోటు అది. హెల్విత్ బ్రిడ్జ్‌లోనూ ఒకటుంది. రిబుల్‌హెడ్‌లో 24 కమానుల రైలు వంతెన పక్కనే స్టేషన్ ఇన్. అయితే మీరు కెఫే గురించి అడగలేదేం?

పెసరట్టు_ప్రియ:

కెఫే మాట ఎత్తారు కాబట్టి. కెఫేలు సాయంత్రం నాలుగు, ఐదుకల్లా కుర్చీలు ఎత్తేస్తాయి. గుహ దిగి వచ్చేసరికి దొరకవు. అవి పొద్దున పనికొస్తాయి. ఇంగిల్‌టన్‌లో గుహ సామాను అమ్మే ఇంగిల్‌స్పోర్ట్ లాంటి చోట గ్రూపంతా కలిసి టోస్ట్, గుడ్లు తిని, వర్షం వస్తుందా రాదా అని చర్చించుకుని బయల్దేరడం ఆ ప్రాంతంలో ఏళ్ల నాటి అలవాటు. లాంగ్ చర్న్ వానకి తొందరగా పొంగుతుంది కాబట్టి ఆ చర్చ ఊరికే కాలక్షేపం కాదు.

ఇక అసలు విషయం. మీ పదిమందిలో శాకాహారులు ఎందరు? బీఫ్ తిననివాళ్లు ఎందరు? టేబుల్ కన్నా ముందు ఇది అడగాలి. యార్క్‌షైర్‌లో చిప్స్‌ని (పాకెట్టువి కాదు, పొడుగు బంగాళాదుంప ముక్కలు) బీఫ్ కొవ్వులో వేయించే అలవాటు ఇంకా గట్టిగానే ఉంది, ముఖ్యంగా ఫిష్ అండ్ చిప్స్ దుకాణాల్లో. "వెజ్ కదా, చిప్స్ తిందాం" అనుకునేవాళ్లు అడక్కుండా తినేస్తారు. పబ్‌లో వెజిటబుల్ పై (pie) తెచ్చి దానిమీద మాంసం గ్రేవీ పోస్తారు. చీజ్ ఆనియన్ పై, బీన్స్‌తో జాకెట్ పొటాటో (తొక్కతో కాల్చిన బంగాళాదుంప) తినొచ్చు, సూప్ అయితే ఏ స్టాక్‌తో (ఉడికించిన రసంతో) చేశారో కనుక్కుని. చివర్లో స్టికీ టాఫీ పుడ్డింగ్, ఖర్జూరాలతో చేస్తారు, గుడ్డు తింటే పర్వాలేదు. ఇదంతా రాత్రి ఎనిమిదింటికి రద్దీగా ఉన్న బార్ దగ్గర నిలబడి అడిగితే సమాధానం రాదు. వారం ముందే మధ్యాహ్నం మూడింటికి, వంటగది ఖాళీగా ఉన్నప్పుడు ఫోన్ చేయండి.

షెఫీల్డ్_శిరీష:

ఎలాగూ ఫోన్ చేస్తున్నారు, అదే నోటితో టేబుల్ కూడా చెప్పేయొచ్చు కదా!

కందిపొడి:

ప్రియ గారి మాట బాగుంది. నేను ఇంకోటి చేర్చాలి, టేబుల్ గొడవకి మూలం అదే. బయటికొచ్చిన పది నిమిషాల్లో కడుపులో ఏదైనా పడాలి. అది పబ్‌లో జరగదు. గుహ నుంచి కారు దాకా నడక, తడి బట్టలు మార్చుకోవడం, బూట్లు సంచుల్లో కట్టడం, పబ్‌కి వెళ్లడం, బార్ దగ్గర లైన్, వంట. గంటన్నర పోతుంది. వణుకుతున్నవాళ్లకి ఆ గంటన్నర చాలా ఎక్కువ. బీరు తాగితే వెచ్చబడతాం అనుకోవడం కూడా పొరపాటు, చర్మంలో రక్తనాళాలు విప్పుకుని లోపలి వేడి ఇంకా బయటికి పోతుంది.

అందుకే కారు డిక్కీలో ఫ్లాస్కులో టీ, తినడానికి ఇంటి తిండి పెట్టుకోండి. అది తిన్నాక పబ్ ఏడింటికైనా, ఎనిమిదింటికైనా ఒకటే. తొందర తగ్గిపోతుంది.

పెసరట్టు_ప్రియ:

కానీ పులిహోర వద్దు. ఆ చలికి అన్నం గింజలు రాళ్లవుతాయి. చపాతీలో బంగాళాదుంప వేపుడు చుట్టుకుని వెళ్లండి, లేదా అరిసెలు.

రైలుబండి_రఘు:

ఇంతమంది మాట్లాడారు, డ్రైవర్ ఎవరు అని ఒక్కరూ అడగలేదు. ఇంగ్లండ్‌లో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్, స్కాట్లండ్‌లో 50. అంత ఉంది కదా అని అలసిన ఒంటితో, చీకట్లో, రాతిగోడల మధ్య సన్నటి రోడ్ల మీద లెక్కలు వేసుకోకండి. నడిపేవాళ్లకి లైమ్ సోడా. లేదంటే లీడ్స్ నుంచి సెటిల్-కార్లైల్ లైన్ రైలు హార్టన్‌లోనే ఆగుతుంది, రిబుల్‌హెడ్‌లోనూ ఆగుతుంది. హార్టన్ స్టేషన్ నుంచి సెల్‌సైడ్ దాకా సామాను మోసుకుంటూ గంట నడక. తిరుగు రైలెక్కాక అందరూ నిద్రపోవచ్చు.

షెఫీల్డ్_శిరీష:

రఘు గారూ, ఆఖరి రైలు కూడా గడియారమే కదా! ఆరున్నర టేబుల్‌కి భయపడేవాళ్లు ఆఖరి రైలుకి భయపడరా? టేబుల్ పోతే వేరుశనగలైనా ఉంటాయి. రైలు పోతే హార్టన్ ప్లాట్‌ఫాం మీద పడుకోవాలి.

కందిపొడి:

ఈ ఒక్క మాటకి శిరీష గారితో ఏకీభవిస్తున్నాను.

క్లాఫమ్_కోడలు:

కుటుంబంతో వెళ్లేవాళ్లకి వేరే దారి ఉంది. క్లాఫమ్ దగ్గర గేపింగ్ గిల్ అనే గుహలో ఏటా రెండుసార్లు, మే చివర్లో బ్రాడ్‌ఫర్డ్ క్లబ్, ఆగస్టులో క్రేవెన్ క్లబ్ వించ్ (తాడుతో పైకీ కిందికీ లాగే యంత్రం) పెట్టి మామూలు జనాన్ని కూడా కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దింపుతారు. 98 మీటర్ల బావి, పక్కనే జలపాతం పడుతుంటుంది. 1895లో మార్టెల్ అనే ఫ్రెంచి ఆయన మొదట దిగింది తాడు నిచ్చెన మీద. రద్దీ రోజున మీ వంతు ఎప్పుడొస్తుందో, పైకి రావడానికి కింద ఎంతసేపు వేచి ఉండాలో చెప్పలేం. ఆ రోజు క్లాఫమ్‌లో టేబుల్ బుక్ చేసిన మా బంధువులు దాన్ని రెండుసార్లు మార్చుకుని, చివరికి రద్దు చేసుకున్నారు. నేను కందిపొడి గారి పక్షం.

లీడ్స్_లక్ష్మణ్:

అందరికీ థాంక్స్. మా వాళ్లిద్దరికీ ఈ చర్చ చూపించాను. ఇప్పటికి కుదిరింది ఇది: పదిమందిని ఐదుగురు చొప్పున రెండు జట్లు చేస్తున్నాం, ఒక్కో జట్టుకి ఒక్కరు నడిపిస్తారు, గంట తేడాతో దిగుతాం. పబ్‌కి ముందే ఫోన్ చేసి వంటగది ఎప్పుడు మూస్తారో, చిప్స్ ఏ నూనెలో వేయిస్తారో కనుక్కుంటాం. టేబుల్ బుక్ చేయడం లేదు, ఆరున్నర నుంచి ఎనిమిది మధ్యలో ఐదుగురు ఐదుగురుగా రావచ్చు అని మాత్రం చెప్తాం. ఐదుగురికి చోటు దొరకడం పదిమందికన్నా తేలిక కదా. చపాతీ చుట్టలు మా ఆవిడ బాధ్యత.

షెఫీల్డ్_శిరీష:

"రావచ్చు, రాకపోవచ్చు" అంటే శనివారం సాయంత్రం ఏ పబ్‌వాళ్లూ మీ కోసం కుర్చీ ఆపరు. నా మాట మీద నేనున్నాను. వెళ్లొచ్చాక ఏం తిన్నారో రాయండి, చూస్తాను.

కందిపొడి:

జట్లు రెండయ్యాయి కాబట్టి కాల్ అవుట్ కూడా రెండు ఇవ్వండి, వేరువేరు టైములతో. ముందు పైకి వచ్చిన ఐదుగురు పబ్‌లో కూర్చుని "అందరం వచ్చేశాం" అని ఇంటికి ఫోన్ చేయకూడదు. ఎవరి కాల్ అవుట్ వాళ్లే రద్దు చేయాలి, అదీ ఆర్డర్ ఇవ్వకముందే. ఫోన్ అందకపోతే బార్‌లో వైఫై గానీ ల్యాండ్‌లైన్ గానీ అడగండి, అక్కడివాళ్లకి అది అలవాటే.