ఫ్రంట్ ప్యాడ్లు మార్చాక బ్రేక్ పెడల్ మెత్తగా దిగిపోతంది, ఏటి చూడాలి?

కోటజంక్షన్_కుర్రోడు:
అందరికీ నమస్తే, మాది విజయనగరం. పాత వ్యాగనార్, 78 వేలు తిరిగింది, ముందు ప్యాడ్లు అరిగిపోయి కీచుమంటుంటే నిన్న ఇంటి దగ్గరే నేనే మార్చీసాను. అప్పట్నించి పెడల్ తొక్కితే స్పాంజి మీద కాలేసినట్టుంది, సగం పైన దిగితే గానీ బండి ఆగట్లేదు, గబగబా రెండు మూడు సార్లు కొడితే కాస్త పైకొస్తంది. బ్రేక్ ఆయిల్ మ్యాక్స్ గీత దగ్గరే ఉంది, కింద ఎక్కడా కారలేదు. ఆదివారం అమ్మని అరసవల్లి తీసుకెళ్తానని మాటిచ్చాను, హైవే మీద లారీల మధ్య దీంతో వెళ్లాలంటే భయంగా ఉంది. కొత్త ప్యాడ్లు సెట్టవ్వాలి, నాల్రోజులు తిప్పితే పోద్ది అంటున్నారు, నిజమేనా?

నాగావళి_ఒడ్డు:
తమ్ముడూ ముందు బండి తియ్యకు. ప్యాడ్లు సెట్టవ్వకపోతే పట్టు కొంచెం తక్కువుంటాది గానీ పెడల్ సగం దిగిపోదు. ఇంజన్ ఆపి నాలుగైదు సార్లు కొట్టి, కాలు అలగే నొక్కిపట్టి అర నిమిషం ఉండు. మెల్లగా నేలకి జారిపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) లోపల రబ్బరు పోయినట్టు, లేదా ఎక్కడో లీకు. జారకుండా రబ్బరు బంతిలా కాలిని వెనక్కి తంతుంటే ఆయిల్ లైన్లో గాలి. బాగా కిందకి దిగి అక్కడ రాయిలా ఆగి, రెండోసారికి పైకొస్తే మాత్రం వెనక చక్రాల డ్రమ్ బ్రేకుల ఎడ్జస్ట్‌మెంట్ చూడాలి. ఇంకోటి, కొత్త ప్యాడ్లు పట్టడానికి వాటిని నెట్టే పిస్టన్‌ని వెనక్కి ఎలగ నొక్కావు? చక్రం దగ్గర ఆయిల్, గాలి వదిలే నిప్పల్ విప్పావా?

కోటజంక్షన్_కుర్రోడు:
జారట్లేదన్నా, బంతిలాగే ఉంది. ఎడమ పక్క పిస్టన్ ఎంతకీ వెనక్కి వెళ్లకపోతే నిప్పల్ లూజు చేసి ఆయిల్ వదిలీసి నొక్కాను, కుడిపక్క విప్పలేదు.

నాగావళి_ఒడ్డు:
అదే. పిస్టన్ నొక్కడం ఆగిన క్షణంలో నిప్పల్ బిగించకపోతే అక్కణ్నించే గాలి పీల్చీస్తాది. మెడికల్ షాపులో సెలైన్ పైపు ఒకటి తెచ్చి నిప్పల్‌కి తొడుగు, రెండో కొస సీసాలో కాస్త కొత్త ఆయిల్ పోసి అందులో ముంచు. ఇంట్లో ఒకర్ని సీట్లో కూచోబెట్టి తొక్కి పట్టమను, నువ్వు పావు తిప్పు వదులు, బిగించు, బిగించాకే కాలు తియ్యమను. బుడగలు ఆగేదాకా అంతే. పైన డబ్బాలో ఆయిల్ మినిమమ్ కిందకి వెళ్లనివ్వకు, వెళ్తే పని మళ్లీ మొదటికొస్తాది. పాత బండి కదా, పెడల్ కింద చెక్కముక్క పెట్టు, నేలదాకా తొక్కితే మాస్టర్ సిలిండర్ రబ్బరు ఎప్పుడూ వెళ్లని చోటుకెళ్లి కోసుకుపోద్ది.

సాలూరు_ఘాట్:
అన్న చెప్పింది కరెక్టు, నేనొకటి కలుపుతాను. ఆయిల్ మార్చి ఎన్నాళ్లయింది బాబూ? టీ డికాషన్ రంగులో ఉంటే మొత్తం మార్చీ. ఆ ఆయిల్ గాల్లో తేమ లాక్కుంటాది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ అయితే 230 డిగ్రీల దాకా మరగదు, నీరు బాగా పట్టాక 155కే మరిగి లైన్లో ఆవిరి బుడగలైపోద్ది. నేను సుంకి నించి సాలూరు దిగుతుంటే ఒక మలుపులో పెడల్ గాల్లోకి తొక్కినట్టయిపోయింది, సెకండ్ గేర్లో వేసి హ్యాండ్ బ్రేకు పట్టుకుని గట్టువార ఆపాను. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. ఆ రోజు నించి రెండేళ్లకోసారి మార్చకుండా ఉండను.

కోటజంక్షన్_కుర్రోడు:
అన్నా అయిపోయింది!! సాయంత్రం మా చెల్లి సీట్లో కూచుంది, మొదటి రెండు సార్లు పైపులో నల్లటి ఆయిల్, మూడోసారికి సబ్బు నురగలాగ తెల్లగా బుడగలు, తరవాత పెసరగింజంత బుడగ ఒకటి మెల్లగా జారుకుంటూ సీసాలోకి వెళ్లింది, అది పోయాక ఇంకేం రాలేదు. పెడల్ పైనే గట్టిగా ఆగతంది. అయోధ్య మైదానం దగ్గర ఖాళీ రోడ్డు మీద ఇరవై స్పీడులో పదిసార్లు కొట్టి చూసాను, ఏ పక్కకీ లాగట్లేదు. ఆయిల్ మాత్రం అచ్చం డికాషనే, రేపు పొద్దున్న డాట్ 4 డబ్బా తెచ్చి నాలుగు చక్రాలకీ మార్చీసాకే ఆదివారం బయల్దేరతాం.