నికెల్-కోబాల్ట్ ఉత్ప్రేరకం: డైబెంజైలమీన్ తగ్గించేదెలా?

నమస్తే అండి. బెంజోనైట్రైల్‌ని బెంజైలమీన్‌గా మార్చే పని మీద నాలుగు నెలలుగా కూర్చున్నాను. ఉత్ప్రేరకానికి ఆధారంగా అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) తీసుకుని, దాని మీద నికెల్, కోబాల్ట్ నైట్రేట్లు సమానంగా ఎక్కించి, 500 డిగ్రీల్లో కాల్చి, హైడ్రోజన్‌లో రెడ్యూస్ చేసి (ఆక్సైడ్లను లోహాలుగా మార్చి) వాడుతున్నాను. చర్య జరిపేది ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి తట్టుకునే మూసిన పాత్రలో): ఇథనాల్ ద్రావణి, 100 డిగ్రీలు, 30 బార్ హైడ్రోజన్. నైట్రైల్ మొత్తం ఖర్చవుతోంది, కానీ జీసీ (గ్యాస్ క్రోమాటోగ్రఫీ) తీస్తే ఐదో వంతు నాకు అక్కర్లేని డైబెంజైలమీనే!

నైట్రైల్ అమీన్‌గా మారే దారిలో మధ్యలో పుట్టే ఇమీన్ మీద అప్పటికే తయారైన అమీన్ చేరి, అమ్మోనియా ఊడిపోవడం వల్లే ఇదంతా అని తెలుసు. బయటినుంచి అమ్మోనియా ఇస్తే తగ్గుతుంది, నిజమే. కానీ మా దగ్గర ఆ గ్యాస్ లైన్ లేదు, ఉత్ప్రేరకంతోనే సాధించాలని నా పట్టుదల.

ఒక్కటి గమనించాను. కాల్చి తీసిన నల్లటి పొడిలో అక్కడక్కడా నీలం రంగు కనబడింది. కోబాల్ట్ అల్యూమినాతో కలిసి అల్యూమినేట్ అయిపోయిందేమో. అదైతే అంత తేలిగ్గా రెడ్యూస్ కాదు. అంటే ప్రైమరీ అమీన్ (ఇక్కడ బెంజైలమీన్) వైపు మొగ్గే కోబాల్ట్ పనిలోకే రాక, ఆమ్ల గుణమున్న అల్యూమినా మీద నికెల్ ఒక్కటే మిగిలినట్టు.

కాల్చే వేడి 350కి దించమంటారా, లేక అల్యూమినా వదిలేసి మెగ్నీషియాకి (మెగ్నీషియం ఆక్సైడ్‌కి) మారమంటారా? ఈ రెండు లోహాలతో స్వయంగా పనిచేసినవాళ్లు ఏ నిష్పత్తి కలిసొచ్చిందో కూడా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.