ఇనుప తుక్కుతో ఒంగోలు గిత్త: గ్రీజు, తుప్పుతో ఇబ్బంది, సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు గారు, వాళ్ల అబ్బాయి రవిచంద్ర గారు నట్లు, బోల్టులతో చేసిన విగ్రహాలు చూసినప్పటి నుంచి నాకూ ఆ పని మీద మనసు పడింది. మా ఊరి బడి ముందు పెట్టడానికి మూడడుగుల ఒంగోలు గిత్తను చేస్తున్నాను. ఒళ్లంతా పాత బైకు చైన్లు, మూపురానికి బేరింగులు, కొమ్ములకు సైలెన్సర్ గొట్టాలు.

చైన్లను రెండు రోజులు డీజిల్‌లో నానబెట్టి తోమినా లింకుల సందుల్లో జిడ్డు మిగిలిపోతోంది. 2.5 ఎంఎం రాడ్‌తో వెల్డింగ్ చేస్తుంటే అతుకులో బుడగలు వచ్చి, గట్టిగా తడితే ఊడిపోతోంది. డీజిల్ తర్వాత ఇంకేం వాడాలి? కాల్చి శుభ్రం చేయవచ్చా?

ఇంకొకటి, తుప్పు. రంగు వేస్తే ఇనుము అందమే పోతుంది, అది నాకు ఇష్టం లేదు. ఎండకూ వానకూ తట్టుకునే, పైకి కనిపించని పూత ఏదైనా ఉందా? ఎన్నాళ్లకోసారి మళ్లీ వేయాలి?

జింకు పూత ఉన్న బోల్టులు మాత్రం పక్కన పెట్టేశాను. ఒకసారి వాటిని వెల్డింగ్ చేస్తుంటే వచ్చిన పొగ పీల్చి రాత్రంతా చలిజ్వరంతో వణికాను. ఈ పని స్వయంగా చేసినవాళ్లు చెబితే చాలా మేలు. వానలు మొదలయ్యేలోపు గిత్తను నిలబెట్టాలి.