పొద్దున రన్నింగ్‌కి చలికి ఏం వేసుకుంటున్నారు? స్వెటర్ వేస్తే ఉడుకు, తీస్తే వణుకు

తిప్పర్తి_పిలగాడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. కానిస్టేబుల్ ఈవెంట్స్ (ఉద్యోగానికి పెట్టే ఉరుకుడు లాంటి పరీక్షలు) కోసం ఉరుకుడు మొదలుపెట్టిన. నోటిఫికేషన్ వచ్చినంక మొదలుపెడితే 1600 మీటర్లు అందదని ముందే పట్టుకున్న. మాది తిప్పర్తి దగ్గర ఊరు, పొద్దుగాల నాలుగున్నరకు లేచి బండి మీద నల్గొండ గ్రౌండ్‌కి వస్తా, అరగంట దారి. ఫోన్‌లో 14 డిగ్రీలు అని చూపిస్తుంది కానీ బండి మీద వేళ్లు కొంకర్లు పోతున్నాయి, దిగినంక తాళం తీయడానికే రెండు నిమిషాలు. బనీను, దాని మీద కాటన్ టీషర్ట్, దాని మీద స్వెటర్, ఆపైన రెగ్జిన్ జాకెట్, మంకీ క్యాప్. అట్లనే ఉరికితే రెండు రౌండ్లకే లోపల తడిసి ముద్ద. జాకెట్ తీసి గోడ మీద పెడితే వీపు మీద చెంబెడు చల్లనీళ్లు పోసినట్టు ఉంటుంది. ఈ నెలలో రెండుసార్లు జలుబు. నౌకరీ కంటే ముందు నిమోనియా వచ్చేటట్టుంది అంటోంది మా అమ్మ. ఒక షాపులో థర్మల్ సెట్ 1,400 చెప్పిండు. కొనాలా? నా దగ్గర ఐదు వందలే ఉన్నాయి.

పానగల్_కట్ట:
కొనకు తమ్ముడూ. నీకు చలి పెడుతున్నది ఉరికేటప్పుడు కాదు, బండి మీద. ఆ బట్టలు వేరు, ఈ బట్టలు వేరు. నువ్వు రెండూ ఒకటే చేసి ఉడికిపోతున్నావు.

ఉరికేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో ముప్పావు వంతు దాకా వేడిగానే బయటికి వస్తుంది. అందుకే బయట ఉన్నదానికి పది డిగ్రీలు కలుపుకుని బట్టలు వేసుకోమంటారు. నీ 14 అంటే 24 అనుకో. 24 డిగ్రీలకు ఎవడైనా స్వెటర్ వేస్తాడా? మొదటి ఐదు నిమిషాలు కొంచెం వణుకు ఉండాలి, ఉంటేనే సరిగ్గా వేసుకున్నట్టు. గ్రౌండ్‌లో దిగంగనే వెచ్చగా ఉంది అంటే పది నిమిషాల తర్వాత నీ పని అయిపోయినట్టే.

రెండోది కాటన్. ఎండాకాలం మనకు దేవుడు, చలికాలం పరుగులో శత్రువు. చెమటను తాగి అట్లనే పట్టుకుని కూర్చుంటుంది. నీళ్లు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగుతాయి, నువ్వు చెప్పిన చెంబెడు నీళ్లు అదే. రెగ్జిన్ ఇంకా దరిద్రం, చెమట ఆవిరి బయటికి పోయే దారే ఉండదు.

మరి ఏం వేసుకోవాలి? ఊర్లో సంక్రాంతికి క్రికెట్ టోర్నమెంట్ ఆడినవా? వెనకాల పేరు, నంబర్ కొట్టించిన జెర్సీ ఉంటుంది కదా, అది పాలిస్టరే. షాపుల్లో డ్రై ఫిట్ అని అమ్మేది కూడా దాదాపు అదే బట్ట. అది వేసుకుని లోపల బనీను తీసేయ్ (బనీను కూడా కాటనే, అందరూ ఇక్కడే మర్చిపోతారు). ఉతికేటప్పుడు వాసన కోసం వేసే లిక్విడ్ వేయకు, బట్ట చెమట పీల్చడం తగ్గిపోతుంది.

బండి మీదకైతే రెగ్జిన్ జాకెట్టే కరెక్ట్, గాలి ఆపుతుంది. ఇంకా చలిగా ఉంటే ఛాతీ మీద జాకెట్ లోపల నిన్నటి పేపర్ మడిచి పెట్టుకో. నేను నార్కట్‌పల్లిలో డ్యూటీకి పోయినన్ని రోజులూ అట్లనే పోయిన.

పాత_ఆటగాడు:
ఇవన్నీ ఫ్యాషన్ మాటలు. మేం కటింగ్ బనీను మీద ఉరికినోళ్లం, ఎవడూ సావలే.

పానగల్_కట్ట:
పెద్దనాయనా, కటింగ్ బనీను మీద ఉరికితే నేను చెప్పినదే చేసినట్టు. తక్కువ వేసుకొమ్మనే కదా నేను కూడా చెప్పేది 🙂

దేవరకొండ_ఫౌజీ:
ఆర్మీలో 17 ఏళ్లు చేసి వచ్చిన. పఠాన్‌కోట్‌లో జనవరిలో నాలుగైదు డిగ్రీలకు పొద్దున పీటీ ఉండేది. అక్కడ మూడు పొరలు: ఒంటికి ఆనుకుని చెమట లాగేది, మధ్యల వేడి ఆపేది, పైన గాలి ఆపేది. ఉస్తాద్ (పీటీ చేయించేటాయన) చలి గురించి తిట్టిన రోజు లేదు, చెమట పట్టించుకున్నందుకు తిట్టేవాడు. మన నల్గొండ చలికి మొదటి పొర ఒక్కటి చాలు, గాలి ఉన్న రోజు పైన పల్చటి విండ్‌చీటర్, అది కూడా ముందు జిప్పు ఉన్నదే తీసుకో. తల మీది నుంచి తీసేది వద్దు, ఉరుకుతూ తీయలేవు. జిప్పు దించితే సగం వేడి పోతుంది.

ముందుగా చల్లబడేవి వేళ్లు, చెవులు. మంకీ క్యాప్ పది నిమిషాల్లో తడిసి బరువెక్కుతుంది, దాని బదులు కర్చీఫ్ చెవుల మీదుగా కట్టు. చేతులకు గ్లౌజులు కొనకు, పాత సాక్సులు తొడుక్కో, వేడెక్కినంక నడుముకు దోపుకోవచ్చు.

ఉన్ని సంగతి వేరు. మా తాత గొంగడి కప్పుకుని తుంపర్లో గొర్ల కాడ నిలబడేవాడు. తడిసినా ఉన్ని వేడి ఇస్తుంది, కాటన్ ఇవ్వదు. కానీ గొంగడి వేసుకుని 1600 ఉరకలేవు కదా.

పాలమూరు_అక్క:
నా అనుభవం చెప్తా, అమ్మాయిలు కూడా చూస్తారని. 2022 నోటిఫికేషన్‌లో మాకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు, అబ్బాయిలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు. ఈవెంట్స్ పెట్టింది డిసెంబర్‌లో! చీకట్లోనే లైన్‌లో కూర్చోబెట్టిండ్రు, నా వంతు వచ్చేసరికి గంటలు పట్టింది. నేను ఒక్క టీషర్ట్ మీద పోయిన, కాళ్లు కట్టెల్లాగ బిగుసుకున్నాయి, మొదటి రౌండ్ అంతా వాటిని సాగదీసుకోవడానికే సరిపోయింది. ఎనిమిది సెకన్లు మిగిలినాయి, అంతే. పక్కన ఉన్న అమ్మాయి పాత దుప్పటి కప్పుకుని, పైన వదులు ట్రాక్ ప్యాంటు వేసుకుని కూర్చుంది, నంబర్ పిలిచినప్పుడు తీసి బ్యాగులో కుక్కి పోయింది. ఆ తెలివి నాకు లేకపోయింది. ఉరికేటప్పుడు వేడి తక్కువ కావాలి, ఆగి ఉన్నప్పుడు ఎక్కువ కావాలి, అట్ల గుర్తు పెట్టుకోండి.

అమ్మాయిలకు ఇంకో ముచ్చట, లోపలి బట్టలు కూడా కాటన్ వద్దు. తడి పట్టీ ఒరుసుకుని ఎర్రగా కమిలిపోతుంది. బయలుదేరే ముందు అక్కడ వాజిలిన్ రాయండి.

తమ్ముడూ, జలుబు వైరస్‌తో వచ్చేది, చలి ఒక్కదాని వల్ల కాదు. అయినా పొడి టీషర్ట్ ఒకటి కవర్లో పెట్టుకో. రన్ అయిపోగానే ముందు అది మార్చు, తర్వాతే చాయ్. తడి బట్టలతో బండెక్కి అరగంట పోవద్దు.

మిర్యాలగూడ_రైడర్:
ఒక్క మాట. రోడ్డు మీద ఉరికేవాళ్లు నల్ల జాకెట్లు మానండి. ఈ మంచులో బియ్యం లారీ వాడికి మీరు కనిపించరు. తెల్లదో, పసుపుదో వేసుకుని ఎదురొచ్చే బండ్లు కనబడేటట్టు కుడివైపు ఉరకండి. కొన్నిచోట్ల వడ్లు ఆరబోసి, పరదా కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. ఆ రాళ్లు తగిలి మా దోస్తు మోకాలు పగిలింది.

తిప్పర్తి_పిలగాడు:
అందరికీ థ్యాంక్స్. నాలుగు రోజులైంది. మా ఊరి టీమ్ జెర్సీ, బనీను లేకుండా. మొదటి రౌండ్ పళ్లు కొరికిన, మూడో రౌండ్‌కి చలి మతికే లేదు. టైమ్ 7:40 వస్తోంది, ఇంకా 25 సెకన్లు తగ్గాలె. పేపర్ ఐడియా సూపర్, కానీ మా నాయిన చదవకముందే పట్టుకొచ్చినా అని గొడవ చేసిండు. సాక్సుల జతలో ఒకటి నా దగ్గర లేదు, గ్రౌండ్‌లో దోస్తు గుంజుకున్నాడు, ఇద్దరం చెరొకటి వేసుకుని ఉరుకుతున్నాం.