అప్‌డేట్: మర్మర్ ఉన్న మా పొమరేనియన్‌కు మత్తు ఇచ్చిన తీరు

మైట్రల్ కవాటం (గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే కవాటం) లోపంతో గుండెలో మర్మర్ (గుండె చప్పుడులో వినిపించే అదనపు శబ్దం) ఉన్న మా 11 ఏళ్ల పొమరేనియన్‌కు కదులుతున్న పళ్లు తీయించాలంటే మత్తుమందుల్లో కెటమిన్ మేలా, ప్రొపోఫాల్ మేలా అని ఇక్కడ అడిగాను. నిన్న విశాఖలోనే, ఎంవీపీ కాలనీలో మా ఇంటికి దగ్గరి క్లినిక్‌లో ఆ పని క్షేమంగా పూర్తయింది.

కెటమిన్ గుండె వేగాన్ని పెంచుతుంది కనుక డాక్టరుగారు దానిని వద్దనుకున్నారు. ప్రొపోఫాల్ రక్తపోటును తగ్గిస్తుందని, వేగంగా ఎక్కిస్తే ఊపిరి కాసేపు ఆగవచ్చని కూడా ఆయన దాచకుండా చెప్పారు. అందుకే ముందుగా బ్యుటార్ఫనాల్ (నొప్పి తగ్గించి మగతనిచ్చే మందు) ఇచ్చి, 5 నిమిషాలు మాస్కుతో ఆక్సిజన్ పట్టి, మిడజోలామ్ (మగతనిచ్చే మరో మందు) తోడుగా పాలలా తెల్లగా ఉన్న ప్రొపోఫాల్ మందును నిమిషానికి పైగా కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, దవడ వదులు కాగానే ఆపేశారు. ఈ తోడు మందులు లేకుంటే ప్రొపోఫాల్ కిలో బరువుకు దాదాపు 6 మిల్లీగ్రాములు పట్టేదట. మావాడికి 3 సరిపోయింది. మందు ఎంపిక ఎంత ముఖ్యమో, ఎక్కించే నిదానమూ అంతే ముఖ్యమని నాకు అక్కడే అర్థమైంది.

పిల్లి గురించి అడిగినవారికి: గుండె కండరం మందమైన పిల్లులకు కూడా సాధారణంగా కెటమిన్ వాడరని ఆయన అన్నారు.

సాయంత్రానికి మావాడు మెత్తటి పెరుగన్నం తిన్నాడు. గుండెకు వాడే పిమోబెండాన్ మాత్ర యథాప్రకారం కొనసాగుతోంది.