అప్‌డేట్: మహారాష్ట్రలోని సిరొంచ దగ్గర మా పత్తి చేనులో దొరికిన నల్లరాయి

పోయిన నెల అడిగాను కదా, దుక్కి దున్నుతుంటే మా బాపుకు దొరికిన రాయి ఉల్కేనా, అమ్మొచ్చా అని. కొనే పార్టీ ఉందంటూ ఒకాయన టెస్టు ఖర్చులకు ముందే పదిహేను వేలు అడిగాడు. మీరు వద్దన్నారు కాబట్టి ఇవ్వలేదు. చాలా థ్యాంక్స్.

రాయిని చంద్రపూర్‌లో జియాలజీ చెప్పే ఒక సార్‌కు చూపించాను. అయస్కాంతం కొద్దిగా అంటుకుంది, ఉల్కేనేమోనని నాకు గుండె దడ మొదలైంది. కానీ ఆయన ఒక అంచును ఆకురాయితో అరగదీసి భూతద్దం చేతికిచ్చారు. లోపలంతా బుడగలు, ఇడ్లీని విరిస్తే కనిపించేలాంటి చిన్న చిన్న గుంతలు. ఉల్కల్లో ఇలా ఉండటం చాలా అరుదట. ఇది ఇనుప చిట్టెం, అంటే ఇనుమును కొలిమిలో కాల్చినప్పుడు మిగిలే మడ్డి. మా ఊరి పెద్దాయనను అడిగితే, ఆ చేను గట్టున ఒకప్పుడు కమ్మరి కొలిమి ఉండేదన్నాడు!

సార్ ఇంకో మాట చెప్పారు. నిజంగా ఉల్కే అయినా మన దేశంలో వాటి సంరక్షణ బాధ్యత కేంద్ర ప్రభుత్వ సంస్థ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాది, అమ్ముకునే సొత్తు కాదు. 2012 మే 22న నాగ్‌పూర్ జిల్లా కాటోల్‌లో పడిన ఉల్క ముక్కలు కూడా పరిశోధనకు వెళ్లాయట.

బాపు రెండు రోజులు దిగులుగా ఉన్నాడు. కూతురి పెళ్లి అప్పు తీరుతుందనుకున్నాడు పాపం. ఇప్పుడు ఆ రాయి మా ఇంటి గడప పక్కనే ఉంది, పారేయనివ్వడం లేదు.