తేనెటీగలను పీడించే వరోవా నల్లికి మందు ఆగస్టులోనా, డిసెంబరులోనా?

సుధ (మిషిగన్): తేనె తీయగానే ఆగస్టులోనే నల్లిని చంపే ఫార్మిక్ యాసిడ్ పట్టీలు పెట్టమని ఇక్కడ అందరూ తొందరపెడుతున్నారు. నాకు నచ్చడం లేదు. 29 డిగ్రీలు దాటిన ఎండలో అది పెడితే రాణి చనిపోవచ్చు. పైగా గోల్డెన్‌రాడ్ పూల తేనె ఇంకా రావాల్సి ఉంది. డిసెంబరులో మైనపు గదుల్లో ఈగ పిల్లలుండవు, నల్లులన్నీ ఈగల ఒంటి మీదే ఉంటాయి. అప్పుడు ఒక్కసారి ఆక్సాలిక్ యాసిడ్ అనే మందు వేస్తే సరిపోదా?

రఘు (ఒహాయో): సరిపోదు సుధ గారూ. నల్లి చస్తుంది, నిజమే. కానీ ఈగ అప్పటికే పాడైపోయి ఉంటుంది. వేసవి ఈగ ఐదారు వారాలు బతికితే చాలు, చలికాలపు ఈగ నెలల తరబడి బతకాలి. ఆ ఈగలు పెరిగేది ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా. పిల్ల గదిని మూసే మైనం మూత కింద నల్లి వాటిని పీల్చి తింటుంది, రెక్కలు వంకరపోయే వైరస్‌ను ఎక్కిస్తుంది. డిసెంబరులో ఏ మందు వేసినా ఆ ఈగ కోలుకోదు. మార్చిలో పెట్టె తెరిస్తే తేనె నిండుగా ఉంటుంది, ఈగలు మాత్రం పిడికెడే! చాలామంది చలికి పోయాయనుకుంటారు.

ఎండ గురించి మీ భయం సరైనదే. వారం రోజుల వాతావరణం చూసుకుని, చల్లబడినప్పుడు పెట్టండి. ఫార్మిక్ మూతల కిందికీ వెళ్తుంది, ఆక్సాలిక్ వెళ్లదు. లేబుల్ ప్రకారం, తేనె అర (ఈగలు తేనె నింపే పై పెట్టె) పైన ఉన్నా ఈ పట్టీలు వాడొచ్చు. కాబట్టి గోల్డెన్‌రాడ్ కోసం ఆగక్కర్లేదు.

సుధ: లెక్క చూడకుండా మందెందుకండీ? జులైలో నల్లుల్ని లెక్కపెట్టడానికి 300 ఈగల్ని ఆల్కహాల్‌లో కడిగితే 2 నల్లులే వచ్చాయి.

రఘు: అది జులై లెక్క. పిల్లలు తగ్గేకొద్దీ నల్లులు మిగిలిన కొద్ది గదుల్లోకే దూరతాయి. పక్కన కూలిపోతున్న పెట్టెను దోచుకోవడానికి వెళ్లిన మన ఈగలు అక్కడి నల్లుల్నీ మోసుకొస్తాయి. ఆగస్టులో మళ్లీ కడిగి చూడండి. డిసెంబరు ఆక్సాలిక్ కూడా మానొద్దు, అది రెండో విడత.

యాదగిరి (తెలంగాణ): అన్నా, మా ఇటాలియన్ ఈగలకు మీ డిసెంబరు లెక్క కుదరదు. ఇక్కడ పిల్లలు లేని చలికాలం రాదు. పూలు తక్కువున్నప్పుడు రాణిని 24 రోజులు పంజరంలో ఉంచితే గుడ్లు పెట్టడం ఆగి, పోతుటీగలతో సహా పిల్లలన్నీ బయటికొస్తాయి. ఆక్సాలిక్ అప్పుడు వెయ్యాలి.

సుధ: రఘు గారూ, ఆగస్టు రెండో వారంలో మళ్లీ కడుగుతాను. 300కి 6 దాటితే మందు పెడతాను. కానీ 30 డిగ్రీల ఎండ ఉంటే మాత్రం ఫార్మిక్ పెట్టను, తేనె అర తీసేసి థైమాల్ అనే వేరే మందు వాడతాను.